మలిదశ సవాయి: రోగనిర్ణయ లేఖనమున పదనియమము

రోగమును గుర్తించుట వైద్యుని పని. గుర్తించిన దానిని పత్రముపై వ్రాయుటయు అతని పనియే. కాని వ్రాసిన మాట అతని చేయి దాటిన పిమ్మట భాషావిషయమగును. ఆ మాటను వేఱొకరు చదువుదురు. చదివి దానికొక సంఖ్య నిత్తురు. ఆ సంఖ్యలను కూడి దేశమున ఏ రోగము ఎందఱికి గలదో చెప్పుదురు. ఆ లెక్కను బట్టి మందులకును ఆసుపత్రులకును ధనము కేటాయింపబడును. ఈ మెట్లలో మొదటిది పదము. అది జాఱినచో తక్కినవన్నియు జాఱును.

తెలుగు శాఖ సంచికలో వైద్యవిషయమునకు చోటేల యని పాఠకులు ప్రశ్నింపవచ్చును. పారిభాషిక పదములను తెలుగున కూర్చువారికి ఒక పదము ఎంత బరువు మోయునో తెలియుట అవసరము. అందులకు సిఫిలిస్ అను రోగముయొక్క మలిదశ మంచి నిదర్శనము. వ్రాసిన మాటకే గాక వ్రాయని మాటకును అర్థము కలుగునని ఈ రోగలేఖన చరిత్ర తెలుపుచున్నది. ఆ యంశమునే ఇందు వివరింపదలచితిమి.

1. పేరు

సిఫిలిస్ అను పేరు ఒక కావ్యమునుండి పుట్టినది. ఇటలీలోని వెరోనా నగరవాసి జిరోలామో ఫ్రాకాస్టోరో వైద్యుడును కవియును. ఆయన 1530లో ప్రకటించిన లాటిన్ పద్యకావ్యమున సిఫిలస్ అను పశువులకాపరి దేవతాగ్రహమునకు గుఱియై ఈ రోగమును పొందును. కల్పితపాత్ర పేరే కాలక్రమమున రోగమునకు స్థిరపడెను. అంతకు పూర్వము ఇటలీవారు దీనిని ఫ్రెంచి రోగమనిరి. ఫ్రాన్సువారు నేపుల్సు రోగమనిరి. ఎవరికి వారు పొరుగువారిపై త్రోసిపుచ్చిరి.

మన దేశమునను అట్లే జరిగినది. 16వ శతాబ్దివాడైన భావమిశ్రుడు భావప్రకాశమున దీనిని ఫిరంగరోగమనెను. ఫిరంగులనగా ఐరోపావారు. ఫ్రాంకులను జాతినామము పారసీకము ద్వారా మన భాషలలో ప్రవేశించి ఈ రూపము తాల్చినది. నేడు తెలుగున ఫిరంగి యనగా ముందుగా శతఘ్ని స్ఫురించును. కాని మూలికల కొట్లలో దొరకు పిరంగిచెక్క యను పేరునందు పూర్వచరిత్ర నిలిచియున్నది. చోపచీనీ యను నామాంతరము గల ఆ దుంపను ఈ రోగమునకు ఔషధముగా వాడెడివారు.

భావమిశ్రుడు ఈ రోగమును బాహ్యము, ఆభ్యంతరము, బహిరంతర్భవము అని మూడు విధములుగా విభజించెను. ముక్కు అణగిపోవుట, ఎముకలు శుష్కించుట, వంకరపోవుట, దేహము కృశించుట మున్నగు వానిని ఉపద్రవములుగా పేర్కొనెను. ముక్కునకును ఎముకలకును కలుగు ఈ వికారములను నేటి వైద్యులు ముఖ్యముగా మలిదశకు చేర్చుదురు. అనగా మలిదశ లక్షణములు ఆయన గ్రంథమున కలవు. కాని అవి కాలమును బట్టి కాక తీవ్రతను బట్టి నమోదైనవి. ఈ భేదము ముందు మనకు పనికివచ్చును.

వాడుక తెలుగున సవాయి, సుఖవ్యాధి, మేహము అను మాటలు కలవు. వీనిలో సుఖవ్యాధి యను మాట సెగరోగమునకును వర్తించును. మేహమను మాట మూత్రవ్యాధులకును వర్తించును. కావున రోగి నోట మేహమను మాట వినవచ్చునే గాని, పత్రముపై దానిని నిలిపినచో సంఖ్య నిచ్చువానికి ఏ దారియు దొరకదు. ఈ వ్యాసమున సవాయి యను మాటను సిఫిలిస్ అను ఒక్క రోగమునకే వాడుచున్నాము.

2. కాలము

ఈ రోగకారణమైన సూక్ష్మజీవిని 1905లో బెర్లినులో షౌడిన్, హాఫ్‌మన్ అను శాస్త్రజ్ఞులు కనుగొనిరి. మఱుసటి సంవత్సరము వాసర్‌మన్ రక్తపరీక్ష వెలువడెను. సూక్ష్మజీవి ప్రవేశించిన చోట తొలుత నొప్పి లేని పుండు పుట్టి తనంతట తానే మానును. పిదప ఒడలిపై దద్దురులు కనబడి అవియు మాయమగును. తరువాత రోగము లోలోపల దాగియుండును. దీనిని గుప్తదశ యందురు. చికిత్స లేనివారిలో కొందఱికి అనేక సంవత్సరముల పిమ్మట రోగము మరల బయటపడును. చర్మమునను ఎముకలలోను గమ్మా యను కంతులు పుట్టవచ్చును. గుండెనుండి వెడలు బృహద్ధమని గోడ బలహీనపడి ఉబ్బవచ్చును. మెదడును వెన్నుపామును చెడవచ్చును. నార్వే రాజధానిలో బోక్ అను వైద్యుడు పాదరస చికిత్స నీయక కనిపెట్టియుంచిన రోగుల పత్రములను గ్యెస్ట్‌లాండ్ పునఃపరిశీలించి 1955లో ప్రకటించెను. దానినిబట్టి చికిత్స లేనివారిలో సుమారు మూడవవంతు మందికే ఇట్టి మలివికారములు కలుగునని తెలియుచున్నది.

ఇచ్చట భాషకు సంబంధించిన మొదటి చిక్కు వచ్చును. ఈ దశను ఆంగ్లమున ‘లేట్’ అను విశేషణముతో చెప్పుదురు. దీనిని పలువురు తెలుగున ‘చివరిదశ’ యని అనువదింతురు. ఇది సరికాదు. అంతర్జాతీయ వర్గీకరణమున ఆ విశేషణమునకు అర్థము, రోగము సోకి రెండు సంవత్సరములు గడచినదని మాత్రమే. మరణము సమీపించినదని కాదు. చికిత్సకు లొంగదని కాదు. ఏ బాధయు లేక తన పనులు తాను చేసికొనుచున్న మనుష్యుడును ఆ దశయం దుండవచ్చును. అట్టివాని పత్రమున చివరిదశ యని వ్రాసినచో అతడును అతని కుటుంబమువారును ఏమని గ్రహింతురు? మందు తీసికొనుట వ్యర్థమని తలపరా? పెనిసిలిన్ సూదిమందుతో సూక్ష్మజీవిని నిర్మూలింపగల రోగమునకు ఒక్క అనువాదదోషము మరణశాసనమగును.

తెలుగున తొలి, మలి యను జంటపదములు కలవు. మలిసంజ యనగా ప్రొద్దుగ్రుంకు వేళయే గాని లోకాంతము కాదు. మలి యనునది ముందున్న దానికి తరువాతిదని చెప్పును. దాని తరువాత ఏమియు లేదని చెప్పదు. కావున తొలిదశ, మలిదశ యనుటయే యుక్తమని మా యభిప్రాయము.

రెండవ చిక్కు మఱింత సూక్ష్మమైనది. ఆంగ్లమున ‘లేట్’, ‘లేటెంట్’ అను పదములు చెవికి దగ్గఱగా నుండును; అర్థమున మిక్కిలి దూరము. మొదటిది కాలమును, రెండవది కనబడకుండుటను చెప్పును. తొందరలో చదువు గుమాస్తా ఒకదానికి బదులు వేఱొకటి గ్రహించు ప్రమాదము కలదు. తెలుగున మలి, గుప్త యను మాటలకు ఎట్టి ధ్వనిసామ్యమును లేదు. తొలిగుప్తము, మలిగుప్తము అని సమాసములు చేసినచో కాలమును స్థితియును రెండును స్పష్టమగును. ఈ విషయమున మన భాష మూలభాషకంటె మేలైన సాధనమని చెప్పవచ్చును.

కాలపరిమితియందును ఏకత్వము లేదు. ప్రపంచ ఆరోగ్యసంస్థ రెండు సంవత్సరములను ఎల్లగా గ్రహింపగా, అమెరికా రోగనివారణ కేంద్రమువారు ఒక సంవత్సరమునే గ్రహించిరి. సోకి పదునెనిమిది మాసములైన గుప్తరోగి ఒకరి లెక్కలో తొలివాడు, వేఱొకరి లెక్కలో మలివాడు. ఇది మాటలపోరు మాత్రము కాదు. తొలిదశకు సాధారణముగా బెంజథీన్ పెనిసిలిన్ 24 లక్షల యూనిట్ల మోతాదు ఒక్కసారి చాలును. మలిగుప్తమునకు అదే మోతాదును వారమున కొకటి చొప్పున మూడు వారములిత్తురు. కావున దశను వ్రాయునపుడు ఏ పరిమితిని అనుసరించిరో, సోకిన కాలమును ఎట్లు నిర్ణయించిరో వ్రాయుట వైద్యుని విధి.

3. గూళ్ళు

మరణకారణముల అంతర్జాతీయ పట్టికను జాక్ బెర్తియోఁ 1893లో షికాగో సభయందు సమర్పించెను. అంతకుముందే లండనులో విలియం ఫార్ ఇట్టి వర్గీకరణమునకు పునాది వేసియుండెను. తొలినాటి పట్టికలలో సవాయి ఒక గూటిలో నుండగా, ఉన్మాదముతో కూడిన సర్వాంగ పక్షవాతమును, నడక తడబడు వెన్నుపాము వ్యాధియు నాడీమండల రోగముల గూటిలో నుండెడివి. ఇవి సవాయియొక్క మలిరూపములేయని అప్పటికి అందఱును అంగీకరింపలేదు. 1913లో నోగుచి, మూర్ అనువారు సర్వాంగ పక్షవాతముతో మరణించినవారి మెదడులో సవాయి సూక్ష్మజీవిని చూపిరి. దేహమున దొరకిన ఈ బంధుత్వము పట్టికకు ఎక్కుటకు మఱికొంత కాలము పట్టెను. 1948 నాటి ఆఱవ సవరణమున 020 మొదలు 029 వఱకుగల సంఖ్యలలో సవాయి రూపములన్నియు ఒకే వరుసకు వచ్చినవి.

ఈ ఆఱవ సవరణముననే మా ప్రధాన విషయమునకు చక్కని ఉదాహరణము గలదు. అందు 022 సంఖ్య బృహద్ధమని ఉబ్బునకు ఏర్పడినది. ఆ ఉబ్బు సవాయివలన కలుగవచ్చును. ధమని గోడ గట్టిపడుటవలనను కలుగవచ్చును. వైద్యుడు ‘సవాయివలన కాదు’ అని విస్పష్టముగా వ్రాసినచో 451 అను వేఱు గూడు కలదు. ఏ కారణమును చెప్పక ‘బృహద్ధమని ఉబ్బు’ అని మాత్రము వ్రాసినచో అది 022లో, అనగా సవాయి వరుసలో చేరెడిది. 1960 దశాబ్ది చివర వాడుకకు వచ్చిన ఎనిమిదవ సవరణమున ఈ నియమము తలక్రిందులైనది: కారణము చెప్పని ఉబ్బు సవాయి కానిదిగా ఎన్నబడెను. వ్రాత మాఱలేదు, రోగము మాఱలేదు, మౌనమునకు చెప్పు అర్థము మాఱినది. ఆ రెండు కాలముల సంఖ్యలను ప్రక్కప్రక్కన నిలిపి సవాయి తగ్గినదనియో గుండెవ్యాధి పెరిగినదనియో తీర్మానించు పరిశోధకుడు మొదట ఈ నియమభేదమును ఎఱుగవలెను. వాక్యమున లేని పదమును సందర్భమును బట్టి అధ్యాహారము చేయుట వ్యాఖ్యాతలకు పరిచితమే. అయితే వ్యాఖ్యాత పూర్వాపరములను చూచును. వర్గీకరణమున అధ్యాహారము నియమముచేతనే జరుగును.

4. పదము చేరగా సంఖ్య మాఱుట

1990లో ఆమోదింపబడిన పదవ సవరణమున జన్మతః వచ్చిన సవాయికి ఏ 50, తొలిదశకు ఏ 51, మలిదశకు ఏ 52, తక్కిన అనిర్దిష్ట రూపములకు ఏ 53 ఏర్పడినవి. ఒక రోగిపత్రమున ‘సవాయి’ అని మాత్రమున్నచో సంఖ్య ఏ 53.9. ‘గుప్త సవాయి’ అన్నచో ఏ 53.0, ఏలయన అది తొలిదో మలిదో తెలియదు. ‘మలి సవాయి’ అన్నచో ఏ 52.9. ‘మలిగుప్త సవాయి’ అన్నచో ఏ 52.8. గుండెకో ధమనికో సంబంధించినదని చెప్పినచో ఏ 52.0. నాడీమండలమునకు సంబంధించి లక్షణములున్నచో ఏ 52.1, లక్షణములు లేనిచో ఏ 52.2, లక్షణముల మాట చెప్పనిచో ఏ 52.3. చర్మము, ఎముక మొదలగు ఇతర స్థానములందు లక్షణములున్నచో ఏ 52.7. ఒక్కొక్క విశేషణము చేరిన కొలదియు రోగి ఒక గూటినుండి వేఱొక గూటికి మాఱును. కాలము, స్థానము, లక్షణము అను మూడు ప్రశ్నలకును వ్రాయువాడు సమాధానమిచ్చిననే సరియైన గూడు దొరకును.

ఇందు మఱియొక యేర్పాటు గలదు. మూలరోగమునకు ఒక సంఖ్యయు, అది ఒక అవయవమున కనబడిన రూపమునకు వేఱొక సంఖ్యయు ఇత్తురు. మొదటిదానికి బాకు గుర్తు, రెండవదానికి నక్షత్రపు గుర్తు. నాడీమండల సవాయివలన బుద్ధి క్షీణించినచో ఏ 52.1 మూలసంఖ్య, ఎఫ్ 02.8 రూపసంఖ్య. రూపసంఖ్య ఎన్నడును ఒంటిగా నిలువరాదు. విశేష్యము లేని విశేషణమువలె అది ఆధారమును కోరును. 2022 జనవరినుండి అమలునకు వచ్చిన పదునొకండవ సవరణమున సంఖ్యలరూపు మాఱినది. మూలరోగమును, దాని రూపమును వేఱుగా చెప్పవలెనను సూత్రము మాత్రము నిలిచియున్నది.

అనువాదకులకు ఇచ్చట ఒక హెచ్చరిక. వెన్నుపాము చెడి నడక తడబడు మలిరూపమునకు ‘టేబిస్ డార్సాలిస్’ అని లాటిన్ పేరు. టేబిస్ అనగా క్షయించుట. డార్సాలిస్ అనగా వీపునకు సంబంధించినది. నిఘంటువు చూచి దీనిని ‘వెన్నుక్షయ’ యని తెలిగించినచో పదార్థము సరియే, ఫలితము ఘోరము. తెలుగున వెన్ను క్షయ యనగా వెన్నెముకకు పట్టిన క్షయరోగము. దాని సంఖ్య ఏ 18.0, దాని మందులు వేఱు. ఇట్టిచోట లాటిన్ పేరునే తెలుగు లిపిలో నిలుపుట వివేకము. అనువదింపవలసినది ధాతువును కాదు, వ్యవహారమును.

5. పరీక్షయు మరణపత్రమును

రక్తపరీక్ష రోగమును సూచించును, రోగనిర్ణయము చేయదు. ఇతర కారణములచే పరీక్ష తప్పుగా పలికినచో దానికి ఆర్ 76.2 అను సంఖ్య ప్రత్యేకముగా కలదు. సవాయి సూక్ష్మజీవులకు ప్రత్యేకించిన పరీక్షలు చాలమందిలో చికిత్సానంతరమును జీవితాంతము పలుకుచునే యుండును. పూర్వము చికిత్స పొంది స్వస్థుడైనవాని పత్రమున ఆ సంగతి వ్రాయనిచో, నూతన వైద్యుడు అతనిని మలిగుప్తరోగిగా ఎన్నును.

మన ప్రాంతమునకు సంబంధించిన నిదర్శన మొకటి గలదు. యాస్ అను చర్మవ్యాధి సవాయి సూక్ష్మజీవికి దగ్గఱ బంధువైన జీవివలన కలుగును. అది సుఖవ్యాధి కాదు. ముఖ్యముగా పిల్లలకు చర్మస్పర్శచే సోకును. గోదావరీతీరపు అడవులతోపాటు మధ్యభారతపు గిరిజన ప్రాంతములందు అది పూర్వముండెను. భారతదేశము యాస్ లేని దేశమని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2016లో ప్రకటించెను. కాని బాల్యమున ఆ వ్యాధి సోకినవారి రక్తము వార్ధక్యమునను పరీక్షలో పలుకవచ్చును. ఆ పలుకు యాస్‌దా, సవాయిదా యని నేటి సాధారణ రక్తపరీక్షలు చెప్పజాలవు. అట్టి గిరిజన వృద్ధురాలిని ‘తల్లీ, చిన్నతనమున నీకు ఒంటిమీద పుండ్లు లేచెనా?’ అని అడుగక, ఆమె పత్రమున మలిగుప్త సవాయి యని వ్రాసినచో అది లెక్కలో పొరపాటు మాత్రము కాదు. ఒక గౌరవనీయురాలి శీలముపై వేసిన మచ్చ.

మరణపత్రమున దోషము వేఱు దిక్కున జరుగును. 1969 నాటి జననమరణ నమోదు చట్టము ననుసరించి ఆసుపత్రిలో జరిగిన మరణమునకు వైద్యుడు కారణపత్రము నీయవలెను. అందలి మొదటి భాగమున తక్షణకారణము పైని, దానికి దారితీసినవి వరుసగా క్రిందను, అన్నిటికిని మూలమైనది చివరను వ్రాయవలెను. లెక్కకు వచ్చునది సాధారణముగా ఆ చివరి పంక్తియే. బృహద్ధమని ఉబ్బు పగిలి మరణించినవాని పత్రమున పైపంక్తిలో ఉబ్బు పగులుటయు, క్రింది పంక్తిలో హృదయధమనీ సవాయియు ఉండవలెను. బంధువుల మొగము చూచి వైద్యుడు ‘గుండె ఆగినది’ అని వ్రాసి ఊరకున్నచో ఏమగును? గుండె ఆగుట మరణముయొక్క రీతియే గాని కారణము కాదు. ఆ కుటుంబము మానము నిలిచినదని తలచును; కాని ఆయన భార్యకు పరీక్ష చేయవలెనను సూచన ఆ పత్రముతోడనే మఱుగుపడును. గోప్యత వేఱు, అసత్యము వేఱు. పత్రమును పరులు చదువకుండ కాపాడుట గోప్యత. పత్రముననే నిజమును లేకుండ చేయుట అసత్యము.

6. పత్రము ఎవరికొఱకు

ఇంతవఱకు చెప్పినదంతయు స్పష్టముగా వ్రాయుటను గూర్చి. స్పష్టముగా వ్రాసినంత మాత్రమున ధర్మము నెఱవేఱునా యను ప్రశ్న మిగిలియున్నది. దీనికి అమెరికాలోని అలబామా రాష్ట్రమున జరిగిన ఉదంతము సమాధానము చెప్పును. 1932లో ఆ దేశపు ప్రజారోగ్య సేవావిభాగమువారు టస్కీగీ పరిసరములందలి 399 మంది సవాయి సోకిన నల్లజాతి పురుషులను, సోకని 201 మందిని ఎన్నుకొని, చికిత్స లేని రోగమెట్లు సాగునో చూడసాగిరి. వీరి రోగము అప్పటికే గుప్తదశలో నుండెను. వైద్యులు దశలను, లక్షణములను, శవపరీక్షలను జాగ్రత్తగా నమోదుచేసిరి. 1940 దశాబ్దిలో పెనిసిలిన్ వాడుకకు వచ్చిన పిమ్మటను దానిని వారి కందనీయలేదు. 1972లో పత్రికలు బయటపెట్టిన పిదప గాని ఆ కార్యము ఆగలేదు. 1997లో అధ్యక్షుడు క్లింటన్ ప్రభుత్వము పక్షమున క్షమాపణ చెప్పెను.

మన విషయమునకు ముఖ్యమైన సంగతి ఇది: వైద్యుల పత్రములలో సవాయి యను పేరు స్పష్టముగా నుండెను, రోగులతో మాత్రము ‘మీది చెడురక్తము’ అని చెప్పిరి. ఆ ప్రాంతపు వాడుకలో ఆ మాట రక్తహీనతకు, నీరసమునకు, ఇంకను అనేక బాధలకు చెల్లెడిది. మన పల్లెలలోను రక్తము చెడినదను మాట ఇట్టిదే. ఒకే రోగమునకు శాస్త్రమున ఒక పేరు, రోగి చెవికి వేఱొక పేరు. ఆ రెండింటి నడుమ అన్ని ప్రాణములు చిక్కుకొన్నవి. పదములోని సంశయము ఇచ్చట పొరపాటున కలిగినది కాదు, కావలెనని కల్పించినది.

7. ముగింపు

పైచర్చనుండి మూడంశములు తేలుచున్నవి. సవాయి మలిదశను వ్రాయునపుడు కాలమును, స్థానమును, లక్షణమును వేఱువేఱుగా చెప్పవలెను; నిర్ణయమునకు ఆధారమైన పరీక్షను, పూర్వచికిత్సను జతపఱుపవలెను. చెప్పని మాటకు నియమమే అర్థము కల్పించును గనుక, తెలియనిచో ‘తెలియదు’ అని వ్రాయుటయు ఒక సమాచారమే. తెలుగున మలి, గుప్త, తుది యను పదములను ఒకదానికొకటి పర్యాయములుగా వాడరాదు. తుది యను మాటను మరణాసన్నస్థితికే విడిచి, ‘లేట్’ అనుదానికి మలి యను మాటనే నియమముగా గ్రహింపవలెను.

పారిభాషిక పదకోశములను కూర్చు పరిశోధక విద్యార్థులు పదముయొక్క సొగసును, వ్యుత్పత్తిని చూచుట సహజము. వానితోపాటు ఆ పదము ఏ పత్రముపై ఎక్కునో, దానిని ఎవరు చదువుదురో, చదివి ఎవరికి ఏ మందు నిత్తురో కూడ విచారింతురుగాక యని మా మనవి. పత్రమున వైద్యునకు అర్థమగు పేరును, రోగికి చెప్పు పేరును ఒకే రోగమును తెలుపవలెను. ఆ రెండింటికిని సరిపడు తెలుగును సిద్ధపఱచుట మన శాఖల పని.